రాస్మీ గుండెకు పోత పోసిన రోజు

…అయినా తల మీద జల్లెడ, జల్లెడలో నిండా చన్నీళ్ళున్న గిన్నె పెట్టుకుని కూర్చున్న మనిషి ఏ విషయమైనా నిజాయితీగా ఆలోచించగలడా అన్నది రాస్మీకి తేలడం లేదు. మెడ కదిపితే నీళ్ళు తొణుకుతాయి. మెడ కదపకపోతే ఆలోచన కదలదు. ఇన్నేళ్ళూ తను తల అటూ ఇటూ తిప్పుతూనే ఆలోచించేవాడన్నమాట. కష్టమైన విషయం ఏదైనా ఎదురుగా వచ్చి నిలబడితే చూపు పక్కకి తిప్పుకుని, ఆ తిప్పుకోవడాన్నే ఆలోచన అనుకునేవాడన్నమాట. ఈ పొట్టి పీట మీద కూర్చున్నాక గాని అది తెలిసి రాలేదు.

"మాట్లాడకు," అంది అక్క సిన్నీ.

అతను మాట్లాడలేదు. మాట్లాడబోతున్నాడేమోనని ఆవిడ ముందే అన్నది. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మధ్య సంభాషణ చాలావరకు ఇలాగే నడుస్తోంది.

పొయ్యిలో కొండమీది బురదనేల కోసి ఎండబెట్టిన పీట్ పెళ్ళలు ఎర్రగా కాలుతున్నాయి. నిప్పు మీద ఇనప గరిటె. గరిటెలో సీసం. చేపలు పట్టే తాళ్ళకి రాస్మీ కట్టుకునే బరువుల్లో అన్నిటికంటే మంచిదాన్ని ఏరి మరీ వేసింది సిన్నీ. తమ్ముడి గుండె కోసం నాసిరకం సీసం వాడడానికి ఆవిడకి మనసొప్పలేదు.

కోతలైన దగ్గరనుంచి రాస్మీకి అన్నపానాలు సయించడం లేదు. గంజి ముందు పెడితే చెంచాతో అటూ ఇటూ తిప్పి లేచిపోతున్నాడు. చొక్కా వదులైంది. దవడలు లోపలికి పోయాయి. సిన్నీ కొన్నాళ్ళు కసిరింది, కొన్నాళ్ళు బుజ్జగించింది. చివరికి కొండ అవతలినుంచి గిర్జీ అవ్వని పిలిపించింది. అవ్వ వచ్చి, అతని మణికట్టు పట్టుకుని, కనురెప్ప కిందికి లాగి, ఛాతీ మీద వేలితో టకటకా కొట్టి, ఖాళీ పీపా చప్పుడు విన్నదానిలా తల పంకించింది.

"గుండె అరిగిపోయిందమ్మా సిన్నీ. సగం కూడా మిగల్లేదు. గుట్టవాళ్ళు పట్టుకుపోయారు."

గుట్టవాళ్ళు కంటికి కనపడరు. కొండ లోపల ఉంటారు. ఫిడేలు బాగా వాయించేవాణ్ణీ, కొత్తగా బిడ్డని కన్న తల్లినీ ఎత్తుకుపోతారు. మరీ తీరిక లేనప్పుడు మనిషిని వదిలేసి గుండె ఒక్కటే తీసుకుపోతారు. అప్పుడు సీసం కరిగించి కొత్త గుండె పోత పోయాలి. షెట్లాండ్ దీవుల్లో ఇది పాస్టరుగారికి తప్ప అందరికీ తెలిసిన వైద్యమే. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు చేస్తారు. నిప్పు మీద సీసం పెట్టిన క్షణం నుంచి మర్నాడు పొద్దు పొడిచేదాకా రోగి నోరు విప్పకూడదు. విప్పితే పోసిన గుండె కూడా కొండలోకే పోతుంది. ఒక మనిషికి ఒక్క గుండే పోస్తారు. రెండోది లేదు.

రాస్మీ తల వంచలేడు, ఎత్తలేడు. కళ్ళు మాత్రం కిందికి దించగలడు. కాబట్టి అతనికి ఇప్పుడు లోకమంటే మోకాళ్ళూ చేతులూ చెప్పులూను. అక్క చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డని పిండుతున్నాయి. గిర్జీ అవ్వ చేతులు గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరని తుడుస్తున్నాయి. చర్చి కాపలా చూసే హక్కి మామ చేయి కోటు జేబులో ఉంది. ఆ జేబులో చర్చి తాళం చెవి ఉంది. సీసం ఆ చెవి కన్నంలోంచే నీళ్ళలో పడాలని అవ్వ పట్టు. పాస్టరుగారు వాన తగ్గాక ఊరు చూడడానికి బయల్దేరగానే హక్కి దాన్ని పట్టుకొచ్చాడు.

పొయ్యికి అవతల ఇంకో జత చేతులున్నాయి. అవి అల్లుతున్నాయి.

వాటిని చూడకుండా ఉండడానికి రాస్మీ చాలా కష్టపడుతున్నాడు. కాని చూపు దించితే అవే కనపడతాయి. పొట్టి వేళ్ళు. కుడి బొటనవేలి మీద పాత తాడు కోసిన మచ్చ. బూడిదరంగు ఉన్ని, సూదులు చిన్నగా టిక్ టిక్ మంటున్నాయి. బ్రేటా చేతులు. సీసం కరిగించే ఇనప గరిటె ఆ తీరం మొత్తానికి ఆమె ఇంట్లోనే ఉంది. సముద్రంలో పోయిన ఆమె మొగుడు సీసపు బరువులు పోసేవాడు. సిన్నీయే కబురంపింది. గరిటె ఒక్కటి పంపితే సరిపోయేది గాని, దాన్ని వీపుమీది గంపలో వేసుకుని బ్రేటాయే వచ్చింది.

అక్క స్వయంగా పిలిచింది. రోగానికి మందు తయారుచేయడానికి రోగాన్నే ఇంటికి పిలిచింది. ఇందులో నవ్వు వచ్చే సంగతి ఏదో ఉందని రాస్మీకి తోచింది. నవ్వితే నీళ్ళు తొణుకుతాయి.

"ఏరా రాస్మీ," అన్నాడు హక్కి. "నీ ఆదివారం టోపీ కంటే ఈ జల్లెడే నీకు బాగా నప్పింది. రేపు చర్చికి ఇదే పెట్టుకు రా."

"వాణ్ణి మాట్లాడించకు మామా," అంది సిన్నీ.

"నేనెక్కడ మాట్లాడించాను. నేను మాట్లాడుతున్నాను. పెళ్ళాం పోయాక ఇంతసేపు ఎదురుచెప్పకుండా వినే మనిషి దొరకడం ఇదే మొదలు."

"ఆవిడ ఉన్నప్పుడు ఎదురు చెప్పేదా?" అని అడిగింది బ్రేటా.

"చెప్పేది కాదు. పక్కకి తిరిగి పడుకునేది."

గిర్జీ అవ్వ ఉష్ అంది. సీసం కరుగుతోంది. పైన బూడిద పొర పగిలి లోపల అద్దంలా మెరిసింది.

అమ్మమ్మ కాలపు మాటల్లో గుండె చేయని పని లేదు. ఏమీ తినకుండా తెల్లారే పడవెక్కేవాణ్ణి గుండె మీద ఏమీ వేసుకోకుండా పోతున్నాడని తిట్టేది ఆవిడ. పులితేన్పు వస్తే గుండె పొంగింది. కీర్తన పుస్తకం చూడకుండా పాడితే అది గుండెలో ఉంది. అలకి భయపడ్డవాడికి గుండె లేదు. క్యాబేజీ లోపలి లేత తెలుపుకి గుండె అనే పేరు. ముద్దొచ్చిన మేకపిల్లకీ అదే పేరు. కడుపూ ధైర్యమూ జ్ఞాపకమూ ప్రేమా అన్నిటినీ ఒకే పెట్టెలో పడేసి మూత పెట్టిన మనుషులు వాళ్ళు. చిన్నప్పుడు ఇది రాస్మీకి సుఖంగా ఉండేది. మనిషికి ఏదైనా అయితే ఎక్కడ అయిందో వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడు తెలుస్తున్న ఇబ్బంది ఏమిటంటే, ఎక్కడ అయిందో తెలిసిపోయింది కాబట్టి ఏమయిందని ఎవరూ అడగరు. సిన్నీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడా? చెప్పేవాడు కాదు. ఆ సంగతి అతనికి ఖాయంగా తెలుసు.

వసంతంలో కొండమీద పీట్ కోసేటప్పుడు బ్రేటా పక్క గట్టు మీదే ఉంది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బండ నీడన కూర్చుని రొట్టె తిన్నారు. తిని, చేతులు దులుపుకుని, ఆమె అతనివైపు తిరిగి, "ఇంకేమైనా చెప్పాలా రాస్మీ?" అని అడిగింది. అతను చాలాసేపు సముద్రం వైపు చూసి, "గాలి ఉత్తరానికి తిరిగేట్టుంది," అన్నాడు. గాలి తిరగలేదు కూడా.

"పోస్తున్నా," అంది గిర్జీ అవ్వ.

తలపైన కత్తెర తెరిచి గిన్నెకి అడ్డంగా పెట్టిన చప్పుడైంది. దాని మీద తాళం చెవి. అవ్వ ఏదో గొణిగింది. సుయ్‌మని పెద్ద చప్పుడు, వేడి ఆవిరి, అతని చెవి పక్కనుంచి కారిన ఒక నీటిచుక్క. రాస్మీ కళ్ళు మూసుకున్నాడు. గిన్నె దింపారు. నాలుగు తలలు దాని మీదికి వంగాయి. అతని తల మీద జల్లెడ మాత్రం అలాగే ఉంది.

"ఇది గొర్రె," అంది సిన్నీ నీరసంగా.

"గొర్రెకి ఇంత ముక్కెక్కడిది? ఇది మన పాస్టరుగారు," అన్నాడు హక్కి. "అచ్చం. ఆ ముక్కు చూడు, ఎవరో సారాయి దాచారని వాసన పట్టినట్టు."

"నాకు పడవలా ఉంది," అంది బ్రేటా.

"గుండె కాదు. అంతవరకు తెలిస్తే చాలు," అని గిర్జీ అవ్వ దాన్ని తీసి మళ్ళీ గరిటెలో వేసింది. "మూడుసార్లదాకా చూడచ్చు. కంగారేం లేదు."

నీళ్ళు మార్చి గిన్నె మళ్ళీ తలకెక్కించారు. సూదులు మళ్ళీ టిక్ టిక్ మన్నాయి. సీసం కరిగేదాకా చేసే పని లేదు గనక హక్కి ఊరి కబుర్లలోకి దిగాడు. ఎవరి ఆవు ఎవరి క్యాబేజీ మేసింది, ఎవరి కప్పు గాలికి లేచిపోయింది. అవన్నీ అయ్యాక మామూలు గొంతుతోనే అడిగాడు.

"అవునూ, ఎర్టీ లీస్క్‌కి రేపు జవాబు చెప్తావటగా బ్రేటా?"

సూదులు ఆగలేదు. రాస్మీ ఆ సూదుల్నే చూస్తున్నాడు. అవి ఏమాత్రం ఆగలేదు.

"చెప్పాలి మరి. చర్చి అయ్యాక చెప్తానన్నాను."

"ఏం చెప్తావు?"

"అడిగింది నువ్వా?"

"నేనడిగితే ఏం చెప్పేదానివి?"

"పక్కకి తిరిగి పడుకునేదాన్ని."

గిర్జీ అవ్వ కూడా నవ్వింది. సిన్నీ నవ్వు ఆపుకుంటూ, "ఎర్టీ మంచివాడేలే," అంది. "పైకప్పున్న పడవ ఉంది. తాగడు. కాస్త చెవుడు, అంతేగా."

"చెవుడు నాకేం అభ్యంతరం కాదక్కా. ఈ చలికాలం ఒక్కదాన్నే ఇల్లు కప్పుకోలేను. పీట్ మోసుకోలేను. మనిషి వచ్చి తిన్నగా అడిగాడు. అడిగినవాళ్ళకి జవాబు చెప్పడం మర్యాద." ఉన్ని ఉండ విప్పుకుంటూ అంది. "ఇంకెవరూ అడగలేదు మరి."

గాలి చిమ్నీలో ఊళ వేసింది. రాస్మీ తల మీద నీళ్ళు సన్నగా వణికాయి. అది తన వణుకేనని అతనికి తెలిసింది.

అయితే రేపు. చర్చి అయ్యాక. పొద్దు పొడిచేదాకా తను నోరు విప్పకూడదు. పొద్దు పొడిచాక చర్చి. చర్చిలో మగవాళ్ళు ఒక పక్కా ఆడవాళ్ళు ఒక పక్కా. బయటికి రాగానే గుమ్మం దగ్గర ఎర్టీ. అంటే మాట్లాడడానికి వీలే లేదు. వీలు లేనప్పుడు ఎవరు మాత్రం ఏం చేయగలరు?

ఆ వాక్యం లోపల పూర్తి కాగానే అతని భుజాలు కిందికి దిగాయి. ఊపిరి తేలిగ్గా వచ్చింది. కోతలైన దగ్గరనుంచీ ఛాతీలో బిగిసి ఉన్నదేదో వదులైంది. ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయి చూసి అతనికే భయం వేసింది.

ఇదేమిటి ఇంత హాయి?

లోతు నీళ్ళలో వేసిన తాడుని చేతికి చేయి మార్చుకుంటూ పైకి లాగినట్టు అతను ఆ హాయిని పట్టుకుని లాగాడు. ఏ చేప వస్తుందో అతనికి తెలుసనుకున్నాడు. సిన్నీ వస్తుందనుకున్నాడు. ఇన్నాళ్ళూ తను తనకి చెప్పుకున్న కథ అదే. అక్క నాకోసం పెళ్ళి మానుకుంది, ఈ ఇంట్లోకి ఇంకో ఆడదాన్ని తెస్తే అక్క ఎక్కడికి పోతుంది, అందుకే నేను నోరు మూసుకున్నాను. చాలా మంచి కథ. చెప్పుకున్నప్పుడల్లా కళ్ళు చెమ్మగిల్లేవి.

పైకి వచ్చింది సిన్నీ కాదు. పొయ్యి పక్కన కుర్చీ వచ్చింది. పొద్దున్నే ఎవరో వెచ్చబెట్టి ఉంచిన మేజోళ్ళు వచ్చాయి. ఎవరూ దేనికీ 'ఇంకేమైనా చెప్పాలా' అని అడగని సాయంకాలాలు వచ్చాయి. వాటన్నిటికీ కింద, తాడు చివర, నలభైకి దగ్గరపడ్డ మగవాడొకడు వచ్చాడు. బ్రేటా కాదంటుందేమోనని వాడికి భయం లేదు. సరే అంటుందేమోనని భయం. సరే అంటే రేపటినుంచి వాడు ఫలానా మనిషి కావాలి. ఇన్నాళ్ళూ వాడు ఫలానా మనిషి తమ్ముడు. అంతే.

అక్క పేరు చెప్పి ఇన్నాళ్ళూ బతికింది వీడు. ఆ సంగతి అక్కకి తెలియదు. తెలియకుండానే గుడ్డ పిండుకుంటూ నిలబడింది.

రెండో పోతలో వచ్చింది ఏమిటన్నది ఎవరికీ అంతుచిక్కలేదు. హక్కి మాత్రం బూటు అన్నాడు. మూడోసారి సీసం పోయగానే, చప్పుడు అణగకముందే గిర్జీ అవ్వ గిన్నె దింపి అందులో చేయి పెట్టింది. తీసి అరచేతిలో పెట్టుకుని వెలుతురుకేసి పట్టింది.

"ఇదిగో," అంది నెమ్మదిగా. "వచ్చింది."

జల్లెడ తీశారు. రాస్మీ మెడ తిప్పి చూశాడు. బొటనవేలి గోరంత సీసం ముక్క, పైన రెండు బుగ్గలు, కింద మొన. ఒక పక్క కాస్త ఎక్కువ ఉబ్బింది. మొన దగ్గర చిన్న తోక. అయినా గుండే. సిన్నీ కుర్చీలో కూలబడి ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"వాడికి నేను తప్ప ఎవరున్నారు," అంది ఎవరితోనో.

గిర్జీ అవ్వ ఫ్లానల్ గుడ్డలో దాన్ని చుట్టి, సూదీ దారంతో కుట్టి, అతని మెడలో వేసి చొక్కా కిందికి తోసింది. ఎడమ పక్కన అది ఇంకా వెచ్చగా ఉంది. హక్కి తాళం చెవి తుడిచి జేబులో వేసుకుని, పాస్టరుగారు వచ్చేలోపల పోవాలంటూ వెళ్ళిపోయాడు. గుమ్మం దాటుతూ, "బూటు కూడా దాచుకోవలసిందిరా, రెండోది చేయించుకునేవాళ్ళం," అన్నాడు.

సిన్నీ పులుసు వడ్డించింది. దూలానికి వేలాడగట్టి పొగలో ఎండించిన గొర్రెమాంసం, బార్లీ, క్యాబేజీ. రాస్మీ ముందు పెట్టి, రొట్టె తుంచి పక్కన పెట్టి, ఊపిరి బిగపట్టి చూసింది.

అతను తిన్నాడు. ఆకలి వేస్తోంది మరి. లోపల చూడవలసిన ముఖాన్ని చూసేశాక ఇక చెంచా తిప్పుతూ కూర్చోవడానికి కారణం కనపడలేదు. పళ్ళెం ఖాళీ అయింది. సిన్నీ ఇంకో గరిటె వేసింది. అదీ అయింది.

"చూశావా అవ్వా," అంది సిన్నీ గుసగుసగా. "చూశావా ఎలా తింటున్నాడో."

"సీసం మంచిది," అంది అవ్వ, తన పళ్ళెం దగ్గరికి లాక్కుంటూ. "ఈ కాలంలో ఇంత మంచి సీసం దొరకదు. పొద్దు పొడిచేదాకా ఆ నోరు కాపాడుకుంటే చాలు, వీడికి వందేళ్ళు."

బ్రేటా పులుసు వద్దంది. చీకటి పడేలోపల వాగు దాటాలంది. అల్లిక చుట్టి, ఇనప గరిటె తుడిచి గంపలో వేసుకుంది. సిన్నీ సంతోషంకొద్దీ ఆ గంపలో రెండు క్యాబేజీలూ, దాని మీద పీట్ పెళ్ళలూ నిండా పేర్చింది. వద్దు వద్దంటున్నా వినలేదు.

"చాలక్కా, నడుము విరుగుతుంది."

"మొయ్యమ్మా. పెళ్ళి చేసుకోబోయేదానివి, నడుము గట్టిగా ఉండాలి."

బ్రేటా గంప దగ్గరికి వెళ్ళింది. ఒంగి, గంప తాడులోకి ఒక చేయి దూర్చింది. దూర్చి, తల ఎత్తి రాస్మీ వైపు చూసింది. ఈ మధ్యాహ్నం మొత్తంలో ఆమె ముఖం అతనికి కనపడడం అదే మొదలు. కళ్ళ కింద అలసట ఉంది. ఎగతాళి కూడా ఉంది కాస్త.

"బాగా తిను రాస్మీ," అంది. "గాలి ఉత్తరానికి తిరిగేట్టుంది."

ఆ తీరంలో మగవాళ్ళు గంప వీపున వేసుకోరు. పడవని ఒడ్డుకి లాగుతారు, దూలాలు మోస్తారు, తాగినవాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి తెస్తారు. గంప మాత్రం ఆడవాళ్ళది. కొండదారిలో ఒక ఆడదాని గంప ఒక మగవాడి వీపున కనపడిందంటే, ఇక వాళ్ళిద్దరూ చెప్పవలసింది ఏమీ ఉండదు. పొద్దుగూకేసరికి ఊరు మొత్తం పెళ్ళిరోజు కూడా నిర్ణయించేస్తుంది.

గంప తీసుకోవడానికి మాట అక్కర్లేదు. రాస్మీకి అది తెలుసు. నోరు విప్పకుండా లేచి, తాడు అందుకుంటే సరిపోతుంది. గుండే దక్కుతుంది, గంపా దక్కుతుంది, సిన్నీ సంతోషమూ దక్కుతుంది. తెలివైన పని. ఆ తెలివి ఎవరిదో కూడా అతను వెంటనే గుర్తుపట్టాడు. వసంతంలో ఆ బండ నీడన గాలి ఉత్తరానికి తిరిగేట్టుందని చెప్పింది వాడే.

సిన్నీ తలుపు గడియ తీస్తోంది. చల్లగాలి లోపలికొచ్చి పొగని గదిలోకి తోసింది. రాస్మీ పీట మీదినుంచి లేచాడు.

"బ్రేటా," అన్నాడు.

గిర్జీ అవ్వ చేతిలో చెంచా పళ్ళెంలోకి జారిపడింది. సిన్నీ గడియ మీద చేయి ఉంచే వెనక్కి తిరిగింది. ఆవిడ ముఖంలోంచి రంగు మెల్లగా దిగిపోవడం అతను చూశాడు. చూపు తిప్పుకోకుండా చూశాడు.

"నీతో పెళ్ళి గురించి మాట్లాడాలి. అక్కతో కూడా మాట్లాడాలి. ముందు ఆ గంప ఇలా ఇవ్వు," అని, వంగి, ఆమె భుజం మీదినుంచి తాడు తప్పించాడు.